అరుగు మీది పాఠం, తరగతిలోని ప్రసంగం

ప్రశ్న: చిత్తూరు జిల్లాలోని ఒక చిన్న క్రైస్తవ వేదాంత కళాశాలలో బైబిలులోని పాత నిబంధన బోధిస్తున్న అధ్యాపకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు కనుక ఆనవాళ్లు తీసివేసి సారాంశం ఇస్తున్నాను. ఆయనకు నలభై రెండేళ్లు. తిరుపతిలో బి.ఎ., ఆ తర్వాత బి.డి., ఎం.టీహెచ్. అనే వేదాంత పట్టాలు పూర్తిచేసి పదకొండేళ్లుగా అదే కళాశాలలో పనిచేస్తున్నారు. వారాంతాల్లో పలమనేరు వైపు ఒక పల్లె సంఘానికి కాపరిగా (పాస్టరుగా) వెళతారు. భార్య నర్సు, పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు.

కళాశాలకు గుర్తింపు ఇచ్చే సంస్థ వారి సందర్శన దగ్గరపడుతున్నందున కిందటి సెమిస్టరు చివర ప్రిన్సిపాల్ విద్యార్థుల చేత అధ్యాపకుల బోధన గురించి పేర్లు లేని చీటీలు రాయించారు. ఇరవై ముగ్గురి తరగతిలో పదిహేను మంది ఇంచుమించు ఒకే మాట రాశారు: అయ్యగారు పాఠం చెప్పరు, ప్రసంగం చేస్తారు, లేకపోతే నోట్సు చెప్పి రాయిస్తారు. ఒక చీటీలో ఇలా ఉంది: “అయ్యగారికి చాలా తెలుసు. మాకు ఏం తెలిసిందో మాత్రం అయ్యగారికి తెలియదు.” ఆ చేతిరాత ఎవరిదో తాను గుర్తుపట్టానని కూడా ఈయన రాశారు.

ప్రిన్సిపాల్ మూడు మార్గాలు చూపారు. బెంగుళూరులో పది రోజుల బోధనా శిక్షణ కార్యశాలకు వెళ్లడం, లేదా బి.ఎడ్. చేయడం, లేదా పరిశోధనలో చేరి డాక్టరేటు తెచ్చుకోవడం. ఈలోగా కొత్తగా చేరిన ఒక యువ అధ్యాపకురాలి తరగతిలో కూర్చుని గమనించమని నలుగురు అధ్యాపకుల ముందు అన్నారు. ఆమె బి.ఎడ్. చేసి, తర్వాత వేదాంతం చదివారు. ఆరేళ్ల కిందట ఈయనకే విద్యార్థిని. “నేను రాయించిన నోట్సుతో పరీక్ష రాసిన అమ్మాయి దగ్గర నేను బోధన నేర్చుకోవాలా? ఇదంతా వదిలేసి పూర్తికాలం సంఘ సేవకు వెళ్లిపోదామనిపిస్తోంది. అక్కడ శనివారం సాయంత్రాలు ఆరుగురు పెద్దలతో అరుగు మీద కూర్చుని వాక్యం చదువుకోవడమే నాకు మిగిలిన సంతోషం. ఏం చేయమంటారు?” అని అడిగారు. నెలాఖరులోగా ప్రిన్సిపాల్‌కు జవాబివ్వాలట.

సమాధానం: అయ్యగారూ, ముందుగా నా సంగతి చెప్పడం న్యాయం. నేను వేదాంతం చదువుకున్నదాన్ని కాను. బడి చదువు మిషన్ వారి పాఠశాలలో సాగింది కనుక మీ గ్రంథంలోని కథలు కొన్ని నోటికి వచ్చు, అంతే. తరువాత ఇరవై ఎనిమిదేళ్లు తిరుపతిలో ఉపాధ్యాయులు కాబోయేవారికి శిక్షణ ఇచ్చాను; తరగతి గది వెనక బెంచీ మీద కూర్చుని ఇతరులు పాఠం చెబుతుంటే చూడడమే నా ఉద్యోగం. ఆ బెంచీ మీది నుంచి కనిపించేది మాత్రమే మీకు చెప్పగలను.

ఆ చేతిరాత సంగతి మొదట తేల్చుకుందాం. గుర్తుపట్టానన్న విషయాన్ని మీరు ఇక్కడితో వదిలేయాలి. ఆ విద్యార్థితోనూ, మరెవరితోనూ అనకూడదు. ఇరవై ముగ్గురున్న తరగతిలో పేరు లేని చీటీ అనేది నామమాత్రపు రక్షణ అని వాళ్లకూ తెలుసు. తెలిసీ రాశారంటే, మీరు పగబట్టే మనిషి కారని నమ్మారన్నమాట. ఆ నమ్మకం ఒకసారి చెడితే వచ్చే సెమిస్టరు చీటీలన్నీ “చాలా బాగా చెబుతారు” అనే వస్తాయి, వాటి వల్ల మీకు దమ్మిడీ ఉపయోగం ఉండదు.

ఇక ఆ చీటీలోని మాట. మీరు దాన్ని అవమానం కింద లెక్కవేసుకున్నారు. నేను మూడుసార్లు చదివాను, నాకలా కనిపించలేదు. మీకు చాలా తెలుసని ఆ పిల్లవాడు, లేదా పిల్ల, ఒప్పుకున్నారు. ఫిర్యాదు మీ పాండిత్యం మీద కాదు. పాఠం తమలోకి ఎంత దిగిందో చూసే ఏర్పాటు మీ తరగతిలో లేదని చెప్పారు. ఇంత సూటిగా జబ్బు పేరు చెప్పిన విద్యార్థి నాకు నా ఉద్యోగకాలంలో ఇద్దరు ముగ్గురే తగిలారు. ప్రిన్సిపాల్ చూపిన మూడు మార్గాల్లో ఏది ఈ జబ్బుకు మందు, ఏది కాదు అన్న కొలబద్దతోనే మనం మిగతాదంతా చూడాలి.

ప్రసంగం చేసే అలవాటు తరగతిలోకి ఎలా వస్తుందో ఆలోచించండి. సంఘంలో నిలబడి మీరు “దేవుడు మనల్ని విడిచిపెట్టాడా?” అని అడిగితే ఎవరూ చెయ్యెత్తి జవాబు చెప్పరు, చెప్పకూడదు కూడా. ఆ ప్రశ్నకు జవాబు మీరే ఇస్తారు, విశ్వాసులు ఆమెన్ అంటారు. అక్కడ అది సరైన పద్ధతే. పదకొండేళ్లుగా ఆదివారం ఆ పద్ధతిలో అడిగిన మనిషి సోమవారం తరగతిలో “హోషేయ ప్రవక్త ఎందుకిలా అన్నాడు?” అని అడిగి, ఒక ఊపిరి తీసుకుని, తానే జవాబు చెప్పేయడం సహజం. విద్యార్థుల మౌనం అంగీకారంలా వినిపిస్తుంది. 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో రికార్డు చేసిన సంభాషణలు పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మించి ఆగడం లేదని చూపించింది. మూడు సెకన్లు, ఆపైన ఆగడం అలవాటు చేస్తే జవాబుల పొడవు పెరిగింది, మాట్లాడనివారు మాట్లాడారు, పిల్లలు తిరిగి ప్రశ్నలు వేయసాగారు. మూడు సెకన్లంటే ఏముందిలే అనిపిస్తుంది. తరగతి ముందు నిలబడి మనసులో లెక్కపెట్టి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది.

మన ప్రాంతానికి మాత్రం ఆ మూడు సెకన్లు కూడా చాలవని నా అనుభవం. మీ తరగతిలో నగరి, సత్యవేడు వైపు పిల్లలుంటే వాళ్లలో కొందరి ఇంటి మాట తమిళం. కుప్పం వైపు వాళ్లకు తమిళమూ, కన్నడమూ వినబడుతూనే ఉంటాయి. మీ తెలుగు బైబిలు భాషేమో గ్రాంథికం. మీ ప్రశ్న అర్థం చేసుకోవడం ఒక పని, ఆ గ్రాంథిక వచనంలో జవాబు వెతకడం మరో పని, దాన్ని నలుగురిలో తప్పులేకుండా తెలుగులో పలకడం మూడో పని. ముందు పక్కవాడితో రెండు నిమిషాలు ఏ భాషలోనైనా మాట్లాడుకోమని, ఆ తర్వాత జవాబు అడగండి. తరగతి కాస్త సంతలా మారుతుంది. పక్క గదిలోని సహోద్యోగి తలుపులోంచి తొంగిచూడవచ్చు. ఆ మాత్రం మాట పడక తప్పదు.

నోట్సు రాయించడం గురించి నేను అందరిలా తీసిపారేయను. తెలుగు మాధ్యమంలో వేదాంతం చదివేవారికి ఇంగ్లీషులో ఉన్నన్ని పాఠ్యగ్రంథాలు లేవు. మీరు రాయించిన నోట్సే రేపు ఒక పల్లె కాపరికి ఇరవై ఏళ్లపాటు వ్యాఖ్యానగ్రంథంగా, ప్రసంగాలకు ఆధారంగా ఉపయోగపడుతుంది. కాబట్టి నోట్సు విలువైనదే. దాన్ని గంటసేపు చెప్పి రాయించడం మాత్రమే దండగ. పదకొండేళ్లుగా ఇంచుమించు అవే నోట్సు చెబుతున్నానని మీరే రాశారు. వాటిని ఒక వేసవిలో టైపు చేయించి, జిరాక్సు తీయించి, సెమిస్టరు మొదటి రోజే చేతికిచ్చేస్తే మీకు తరగతి సమయంలో సగానికి పైగా మిగులుతుంది. దీనిలోనూ చిక్కులున్నాయి. నోట్సు చేతికొచ్చింది కదా అని కొందరు తరగతి ఎగ్గొడతారు. రాయించకపోతే పాఠం జరగనట్టేనని పెద్ద విద్యార్థులు గొణుగుతారు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మీకే ఎదురవుతుంది: మిగిలిన ఆ సమయంలో ఏం చేయాలో మీకు మొదట్లో తెలియదు. చాలామంది అధ్యాపకులు నోట్సును పట్టుకుని వేలాడేది ఈ ఖాళీకి భయపడే, సోమరితనంతో కాదు.

ఆ ఖాళీలో ఏం చేయవచ్చో మీ ప్రశ్నపత్రం నుంచే చూపిస్తాను. ఉత్తరంతో పాటు మీరు పంపిన పాత ప్రశ్నపత్రంలో “ఆమోసు గ్రంథ రచనాకాలమును, చారిత్రక నేపథ్యమును వివరింపుము” అని ఉంది. ఆ ప్రవక్త గురించి క్రీస్తుపూర్వం ఎనిమిదో శతాబ్దం, ఊరు తెకోవ, పశువుల కాపరి, మేడిపండ్లు అన్నీ విద్యార్థి రాస్తాడు, మార్కులు వస్తాయి. అదే విద్యార్థి రేపు ఒక పల్లెలో కాపరి అవుతాడు. ఆ సంఘంలో సగం మంది మదనపల్లె మార్కెట్టుకు టమాటా, చిత్తూరు మండీకి బెల్లం వేసేవాళ్లు. తరుగు పేరుతో తూకంలో ఎంత పోతుందో వాళ్లకు తెలుసు. కొలత చిన్నదిచేసి, త్రాసులో మోసంచేసి బీదవాణ్ణి కొనేసేవాళ్లను ఆమోసు ఎనిమిదో అధ్యాయంలో నిలదీస్తాడు. ఆ సంఘంలో మండీ వ్యాపారి కూడా ముందు వరుసలో కూర్చుని ఉంటే, అతడే కానుకల్లో పెద్ద భాగం ఇచ్చేవాడైతే, ఆ అధ్యాయం మీద ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఈ ప్రశ్న తరగతిలో వేసి పక్కకు తప్పుకోండి. రచనాకాలం, నేపథ్యం అప్పుడు వాళ్లకే అవసరమై పుటలు తిప్పుతారు. చదువు ముగిశాక విద్యార్థి ఏ పని చేయగలగాలో ముందు నిర్ణయించుకుని, పరీక్షను, పాఠాన్ని అక్కడి నుంచి వెనక్కి అల్లుకు రావడమే మా శాస్త్రంలో సగం. పరీక్ష మారకుండా పాఠం ఒక్కటే మార్చితే మాత్రం విద్యార్థులే మీకు అడ్డం తిరుగుతారు; పరీక్షలో లేనిది ఎందుకు చెబుతారని అడుగుతారు, అడగడం న్యాయమే.

మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టింది మాత్రం మీరు దారిలో అలా అనేసి వెళ్లిన శనివారం అరుగు. ఆరుగురు పెద్దల్లో ముగ్గురికి రాయడం రాదని, అందువల్ల మీరు ఏమీ రాయించరని, ఒక భాగం చదివించి “మీకేమనిపించింది” అని అడుగుతారని, ఒక్కోసారి వాళ్లు మీకు తట్టని అర్థం చెబుతారని రాశారు. అయ్యగారూ, బెంగుళూరు కార్యశాలలో పది రోజులు నేర్పబోయేది చాలావరకు ఇదే. మీకు బోధన రాదనుకోవడం పొరపాటు. రాయడం రానివారి ముందు మీకు బోధన వస్తోంది, రాయడం వచ్చినవారి ముందు అక్కరలేదనిపిస్తోంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మీరే తరచి చూసుకోవాలి. మీ అధ్యాపకులు మీకు ఎలా చెప్పారో మీరూ అలాగే చెబుతున్నారేమో. మనలో ఎక్కువమంది బోధన నేర్చుకునేది అలాగే, నేనూ అలాగే మొదలుపెట్టాను.

మీ రంగంలో ఇది కొత్త సంగతి కూడా కాదు. 1963లో మధ్య అమెరికా దేశమైన గ్వాతెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీ (వేదాంత కళాశాల) వారు, ఊరు విడిచి రాలేని సంఘ పెద్దల కోసం చదువునే వాళ్ల ఊళ్లకు తీసుకువెళ్లారు. పాఠం ఇంటి దగ్గర చదువుకోవడం, వారానికోసారి అధ్యాపకుడితో కలిసి దాన్ని తమ సేవతో సరిపోల్చి చర్చించడం వాళ్ల పద్ధతి. అది మన దేశానికీ వచ్చి, బెంగుళూరు కేంద్రంగా టాఫ్టీ అనే సంస్థ 1971 నుంచి ఆ పని చేస్తోంది. ముద్రించిన పాఠం ముందే చేతికిచ్చి కలిసిన సమయాన్ని చర్చకు వాడుకోవడం అనే ఆలోచన వాళ్లు అవసరం కొద్దీ పట్టుకున్నారు. మీ గదికి కూడా అది సరిపోతుంది.

ఇప్పుడు ప్రిన్సిపాల్ చూపిన మార్గాలు. బి.ఎడ్. సంగతి త్వరగా తేల్చేయవచ్చు. అది బడి ఉపాధ్యాయుల కోసం రూపొందిన చదువు. 2015 నుంచి రెండేళ్లు, హాజరు తప్పదు, నెలల తరబడి బడుల్లో బోధనాభ్యాసం ఉంటుంది. దూరవిద్యలో ఉన్నది ఇప్పటికే శిక్షణ పొంది పనిచేస్తున్న ప్రాథమిక ఉపాధ్యాయులకు ఉద్దేశించినది, మీకు వర్తించదు. మీ వయసులో, మీ జీతంతో, రెండేళ్లు సెలవు పెట్టి ఎనిమిదో తరగతికి సాంఘికశాస్త్రం ఎలా చెప్పాలో నేర్చుకోవడం నాకైతే సబబుగా తోచలేదు. ఉన్నతవిద్యలో బోధన గురించే ఇగ్నో సార్వత్రిక విశ్వవిద్యాలయం వారి పీజీ డిప్లొమా ఒకటి ఉంది, ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. చేరే ముందు మీ ఎం.టీహెచ్. పట్టాను అర్హతగా అంగీకరిస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) వ్యవస్థలోని కళాశాలల అధ్యాపకులకు జరిగే పునశ్చరణ తరగతులు మీ కళాశాల వారికి దొరకడం కష్టం. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’లోని కోర్సులకు అటువంటి అడ్డంకి లేదు. చదవడం ఉచితం, ధ్రువపత్రం కావాలంటే పరీక్ష రుసుము కట్టాలి. వేదాంత అధ్యాపకుల కోసమే ఐసీఈటీఈ అనే అంతర్జాతీయ మండలి ఆన్‌లైన్ అకాడమీ నడుపుతోంది. ఒంటరిగా కూర్చుని చూసే ఇటువంటి కోర్సులు మూడో వారం తర్వాత ఆగిపోవడమే ఎక్కువ, కాబట్టి తోడు ఒకరుంటేనే మొదలుపెట్టండి.

డాక్టరేటు మీకు అవసరం లేదని నేను అనను. గుర్తింపు సంస్థలు అధ్యాపకుల పట్టాలు చూస్తాయి. కళాశాలకు దాని వల్ల మేలుంటుంది, మీకూ గౌరవం, బహుశా కాస్త జీతం. కానీ అది పరిశోధన నేర్పుతుంది. ఆమోసు మీద మీకు తెలిసింది పదింతలు అవుతుంది, మీ విద్యార్థులకు ఏం తెలిసిందన్నది ఇప్పుడున్న చోటే ఉంటుంది. అయిదారేళ్ల పని, ఖర్చు, మీ ఇంటావిడ రాత్రి డ్యూటీలు, పిల్లల పదో తరగతి అన్నీ లెక్కలోకి వస్తాయి. ఒక విషయాన్ని లోతుగా తవ్వాలన్న ఆకలి మీలో ఉంటే వెళ్లండి. చీటీల దెబ్బకు మందుగా వెళితే, తిరిగివచ్చాక ప్రసంగం ఇంకా పొడవవుతుందేమోనని నా భయం.

పది రోజుల కార్యశాల వీటిలో చవకైనది, ఆశ తక్కువగా పెట్టుకుని వెళితే మంచిది. ఇటువంటి శిక్షణలు నేనే ఎన్నో నడిపాను. చివరి రోజు అందరి కళ్లూ మెరిసేవి. నెల తర్వాత వెళ్లి చూస్తే పాత పద్ధతే నడిచేది, సంచీలో మేమిచ్చిన ఫైలు కొత్తగానే ఉండేది. అందుకని వెళ్లేటట్టయితే రెండు షరతులు ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడుకోండి. మీతోపాటు మరో అధ్యాపకుణ్ణి కూడా పంపాలి. తిరిగివచ్చాక ఒక కోర్సులో పరీక్ష విధానాన్ని మార్చుకోవడానికి మీకు అనుమతి ఉండాలి. రెండోదానికి ఆయన వెనకాడితే, కార్యశాల గుర్తింపు సంస్థ వారి ఫైలు కోసమేనని మీకు అర్థమవుతుంది. అప్పుడు కూడా వెళ్లవచ్చు, కాకపోతే అది తెలిసి వెళతారు.

ఇక అసలు ముల్లు, మీ పూర్వ విద్యార్థిని. మన పెద్దలు శిష్యుడి చేతిలో ఓటమిని కోరుకోమన్నారని నేను చెబితే మీకు చల్లటి మాటలా ఉంటుంది. మీ బైబిలులో అపొస్తలుల కార్యాలనే గ్రంథంలోని అపొల్లోనే తీసుకోండి. అలెక్సంద్రియవాడు, విద్వాంసుడు, లేఖనాల్లో ప్రవీణుడు, సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడేవాడు. అతడి మాట విన్న ప్రిస్కిల్ల, అకుల గుడారాలు కుట్టుకునే దంపతులు. లోపం కనిపించినప్పుడు వాళ్లు నలుగురిలో లేచి నిలబడలేదు. అతణ్ణి చేర్చుకుని, మరింత పూర్తిగా విశదపరచారు. ఆ తర్వాత అపొల్లో గ్రీసులోని అకయ ప్రాంతంలో ఎంత ఉపయోగపడ్డాడో మీరు నాకంటే బాగా చెప్పగలరు. అక్కడ నేర్చుకున్నవాడి వినయాన్ని ఎంత మెచ్చుకోవాలో, నేర్పిన తీరులోని మర్యాదను కూడా అంతే మెచ్చుకోవాలి. మీ ప్రిన్సిపాల్ ఆ మర్యాద మరిచారు. నలుగురు అధ్యాపకుల ముందు ఆ మాట అనడం ఆయన తప్పు. మీ కోపం ఆయన మీదిది, ఆ అమ్మాయి మీదికి మళ్లింది. ఆమె పరిస్థితి కూడా ఊహించండి: తన గురువు వెనక బెంచీ మీద కూర్చుంటే ఆమెకు నోరు పెగులుతుందా?

కాబట్టి ఆమె తరగతికి మీరు వెళ్లే ముందు ఆమెను మీ తరగతికి పిలవమంటాను. అదీ బరువనిపిస్తే, మీరిద్దరూ టీ తాగుతూ అరగంట కూర్చుని మీ ఆమోసు పాఠం ఒక్కటి కలిసి తయారుచేయండి. పిలిచినప్పుడు “నా బోధన ఎలా ఉందో చూడమ్మా” అనకండి. అలా అంటే గౌరవం కొద్దీ బాగుందనే అంటుంది. ఒకే ఒక పని అప్పగించండి: నేను ఎన్ని ప్రశ్నలు వేశాను, వాటిలో ఎన్నింటికి నేనే జవాబు చెప్పుకున్నాను, ఎంతమంది విద్యార్థులు నోరు విప్పారు అన్నది కాగితం మీద గీతలు పెట్టి లెక్కించమనండి. లెక్కకు చిన్నాపెద్దా తేడా ఉండదు, తీర్పు చెప్పే భారం ఆమె మీద పడదు. తర్వాతి వారం మీరు ఆమె తరగతిలో అదే లెక్క వేయండి. ఆమె తరగతిలోనూ లోపాలు కనిపిస్తాయి, ఆమెకు హీబ్రూ మీ అంత రాదు కదా. ఆ సాయం మీరు చేయవచ్చు. ఆమె అంగీకరించకపోనూవచ్చు. అప్పుడు తరగతి చివరి అయిదు నిమిషాల్లో “ఈ రోజు నాకు అర్థమైనది, అర్థం కానిది” అని రెండు వాక్యాలు విద్యార్థుల చేత రాయించుకుని, మరుసటి తరగతిని అర్థం కానిదానితో మొదలుపెట్టడం మీ చేతిలోనే ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, బెంగుళూరు బస్సు చార్జీ కూడా అక్కరలేదు.

పూర్తికాలం సంఘానికి వెళ్లిపోవడం తప్పేమీ కాదు, అది ఓటమి కూడా కాదు. అయితే చీటీల గాయం పచ్చిగా ఉండగా ఆ నిర్ణయం తీసుకుంటే, అరుగు మీద కూడా ఆ పదిహేను చీటీలు మీ పక్కనే కూర్చుంటాయి. సంఘం మీకు పూర్తి జీతం ఇవ్వగలదా అన్నది మీరు ఉత్తరంలో రాయలేదు. మీ ఇంటావిడతో మాట్లాడారో లేదో కూడా రాయలేదు. ఒక సెమిస్టరు పైచెప్పినవి చేసి, అప్పటికీ మనసు సంఘం వైపే లాగితే వెళ్లండి. ఆ రోజుకు నోట్సు ముద్రించి ఉంటే, మీ తర్వాత వచ్చేవారికి అదైనా దక్కుతుంది.

ప్రిన్సిపాల్‌కు ఇవ్వవలసిన జవాబులో చీటీలకు సంజాయిషీ రాయకండి. ఒక కోర్సు పేరు, ఆ కోర్సులో వచ్చే సెమిస్టరు మీరు మార్చదలచినది, దానికి కళాశాల నుంచి కావలసిన జిరాక్సు ఖర్చు, పరీక్షలో మార్పుకు అనుమతి, ఇంత చాలు, ఒక పేజీ దాటనివ్వకండి. డాక్టరేటు విషయం ఏడాది తర్వాత మాట్లాడుకుందామని చివర ఒక వాక్యం చేర్చవచ్చు. తరగతి తెరిచిన రోజున విద్యార్థులతో కూడా చీటీల ప్రస్తావన ఒక్కసారే తెండి: చదివాను, ఒక మార్పు చేస్తున్నాను, నెల తర్వాత మళ్లీ అడుగుతాను అని చెప్పి, ఆమోసు ఎనిమిదో అధ్యాయం చదివించి, మండీ వ్యాపారి ప్రశ్న వేసి, మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి.